జాక్ పని ఎత్తడం వరకే: కారు కిందకి దూరే ముందు

ఈ రోజు ఎపిసోడ్‌లో ఏ పార్టూ విప్పడం లేదు. ఆయిల్ మార్చడం లేదు, బ్రేక్ ప్యాడ్లు లేవు. ఆ పనులన్నిటికీ ముందు చేసే పని ఒకటుంది కదా, బండిని పైకి లేపి నిలబెట్టడం. ఈ రోజంతా దాని గురించే. "ఇందులో ఏముంది అన్నా, జాక్ పెట్టి తిప్పడమేగా" అనుకుని స్కిప్ చేయకండి. ఇంట్లో బండి పని చేసుకునేవాళ్ళకి చేతికి గీసుకుపోవడం, వేలికి దెబ్బ తగలడం మామూలే. ప్రాణం పోయేది మాత్రం దాదాపు ఈ ఒక్క చోటే.

ముందు బరువు సంగతి చూద్దాం. మనం చిన్న కారు అని పిలిచే స్విఫ్ట్ సుమారు 900 కిలోలు ఉంటుంది. సిమెంటు బస్తా 50 కిలోలు కదా, అంటే 18 బస్తాలు. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందు ఉంటాయి కాబట్టి ఎక్కువ బరువు ముందు భాగం మీదే పడుతుంది. ముందు ఒక్క మూల లేపినా, ఆ మూల మీద 250 కిలోల పైనే ఉంటుంది. అయిదు సిమెంటు బస్తాలు ఛాతీ మీద పెట్టుకుని పడుకుంటారా? ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ బరువు ఎముకలు విరగ్గొట్టక్కర్లేదు. ఛాతీ మీద కదలకుండా కూర్చుంటే చాలు. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు పైకి లేవాలి. అవి లేవకపోతే గాలి లోపలికి పోదు, గట్టిగా అరవడానికి కూడా రాదు. పక్క గదిలో ఉన్నవాళ్ళకి కూడా వినపడదు. టైమ్ నిమిషాల్లోనే ఉంటుంది.

ఇంకొకటి, "కింద కొంచెం గ్యాప్ ఉంటుందిలే" అనుకోవద్దు. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. అది కూడా నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నప్పటి లెక్క. చక్రం విప్పేసిన మూల పడితే అంతకన్నా కిందకి వస్తుంది.

సరే, ఇప్పుడు జాకుల సంగతి. మూడు రకాలు చెప్తాను, మూడూ మూడు రకాలుగా మోసం చేస్తాయి.

డిక్కీలో కంపెనీ ఇచ్చేది సిజర్ జాక్. కత్తెర లాగా తెరుచుకుంటుంది, మధ్యలో పొడుగు స్క్రూ ఉంటుంది. ఈ స్క్రూ తనంతట తను వెనక్కి తిరగదు, కాబట్టి నెమ్మదిగా దిగిపోవడం ఉండదు. దీని సమస్య వేరు. కింద బేస్ అరచేతి కన్నా కొంచెం పెద్దది, అంతే. ఎత్తు పెరిగే కొద్దీ పక్కనుంచి ఒక్క తోపు చాలు, వాలిపోతుంది. రోడ్డు మీద పంచర్ అయితే చక్రం మార్చుకోవడానికి ఇచ్చారు దాన్ని. కిందకి దూరడానికి ఇవ్వలేదు. మీ బండి ఓనర్ మాన్యువల్ తీసి జాక్ పేజీ చూడండి, జాక్ మీద ఉన్నప్పుడు బండి కిందకి వెళ్ళొద్దని హెచ్చరిక ఉంటుంది. జాక్ మీద అంటించిన స్టిక్కర్ మీద కూడా, మనిషి బొమ్మ వేసి అడ్డగీత కొట్టి ఉంటుంది చాలావాటికి. మనమెవ్వరం దాన్ని చూడం అనుకోండి.

రెండోది బాటిల్ జాక్. లారీల దగ్గర కనిపిస్తుంది. బరువు బాగా లేపుతుంది, కానీ దాని తల చిన్న గుండ్రటి బిళ్ళ. లారీ యాక్సిల్ కింద పెట్టడానికి బాగుంటుంది గానీ కారు అంచు మీద నిలవదు, జారుతుంది. పైగా చిన్న కార్లలో చాలావాటి కింద అది నిలువుగా పట్టనే పట్టదు.

మూడోది ట్రాలీ జాక్. చిన్న చక్రాలు ఉండి, పొడుగు హ్యాండిల్‌తో పంపు కొడితే లేస్తుంది. టైర్ షాపుల్లో చూసే ఉంటారు. ఇంట్లో పని చేసుకోవాలంటే కొనుక్కోవాల్సింది ఇదే. దీని బేస్ వెడల్పు, కాబట్టి సిజర్ జాక్ లాగా వాలదు. కానీ ఇది హైడ్రాలిక్. లోపల బరువు మోస్తున్నది ఇనుము కాదు, ఆయిల్. ఆ ఆయిల్‌ని ఆపుతున్నది ఒక చిన్న రబ్బర్ సీలు. ఆ సీలు పాతదై ఉండొచ్చు, లోపల ఒక ఇసుక రేణువు వాల్వ్ దగ్గర ఇరుక్కుని ఉండొచ్చు, మనకి బయటికి ఏమీ కనిపించదు. ఒక్కోసారి నెమ్మదిగా దిగుతుంది, ఒక్కోసారి ఒకేసారి. రెండు టన్నుల జాక్ కొన్నా, మూడు టన్నులది కొన్నా ఇది మారదు. ఆ నంబరు ఎంత బరువు లేపుతుందో చెప్తుంది, ఎంతసేపు పట్టుకుంటుందో చెప్పదు.

అందుకే జాక్ స్టాండ్ అనేది వేరే వస్తువుగా ఉంది. మూడు కాళ్ళో నాలుగు కాళ్ళో ఉన్న ఇనుప స్టాండ్, మధ్యలో పైకీ కిందకీ జరిగే కడ్డీ. ఇందులో ఆయిల్ లేదు, సీలు లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. జాక్ ఎత్తుతుంది, స్టాండ్ మోస్తుంది. జతగానే కొనండి, కొనేటప్పుడు స్టాండ్ మీద రాసిన బరువు ఒక్కోదానికా, జతకి కలిపా అన్నది చదవండి.

స్టాండ్లలో పళ్ళ రకం ఉంటుంది, పిన్ను రకం ఉంటుంది. పళ్ళ రకంలో కడ్డీకి రంపం లాగా పళ్ళు, వాటిలోకి ఒక కొక్కెం వచ్చి కూర్చుంటుంది. టకటకమని లేపొచ్చు, సుఖంగా ఉంటుంది. పిన్ను రకంలో రంధ్రంలోంచి లావుపాటి ఇనుప పిన్ను అటు నుంచి ఇటు దూర్చాలి. నా ఓటు పిన్నుకే. ఎందుకో చెప్తాను. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పెద్ద టూల్స్ కంపెనీ, పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల జాక్ స్టాండ్లని వెనక్కి పిలిచింది. మొత్తం 17 లక్షల దాకా. సమస్య ఈ పళ్ళ దగ్గరే, బరువు మీద ఉండగా కొక్కెం పళ్ళలోంచి జారే అవకాశం ఉందని తేలింది. ఇంకా ఘోరం ఏంటంటే, వాటికి బదులు తీసుకోమన్న స్టాండ్లలో ఒక రకానికి వెల్డింగ్ లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి పాత సామాన్ల సేల్‌లో గరాజ్ టూల్స్ కొనుక్కునే మన తెలుగువాళ్ళు చూస్తుంటే, ఆ స్టాండ్ మీద మోడల్ నంబర్ ఒకసారి రీకాల్ లిస్టులో చూసుకోండి. పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉంటాయి.

ఇక్కడున్నవాళ్ళకి ఆ బ్రాండ్ సంగతి అక్కర్లేదు, కానీ ఒక అలవాటు పెట్టుకోండి. పళ్ళ స్టాండ్ అయితే బండి దించక ముందు కొక్కెం పూర్తిగా పళ్ళ లోపలికి కూర్చుందా అని కళ్ళతో చూడండి. చెవితో "టక్" అని వినపడితే సరిపోదు.

స్టాండ్ లేదు, ఇటుకలు ఉన్నాయి అంటారు కొంతమంది. సిమెంటు బ్రిక్స్, హాలో బ్లాకులు. వద్దు. ఇల్లు మోస్తుంది కదా అంటారు. ఇల్లు గోడ మొత్తం మీద సమంగా కూర్చుంటుంది, కారు అంచు కత్తి లాగా ఒక్క గీత మీద కూర్చుంటుంది. ఇటుక వంగదు, అరవదు, ముందు చిన్న పగులు చూపించి హెచ్చరించదు. ఒక్కసారే పొడి అవుతుంది. మందపాటి గట్టి చెక్క దుంగలు అడ్డం, నిలువు పేర్చితే అది వేరే విషయం, చెక్క నలుగుతూ శబ్దం చేస్తుంది. ఇటుక మాత్రం అస్సలు వద్దు.

ఇప్పుడు నేల. నిజం చెప్పాలంటే మన దగ్గర సగం గొడవ ఇక్కడే. అపార్ట్‌మెంట్ సెల్లార్ చూడటానికి చదునుగా ఉంటుంది గానీ, కడిగిన నీళ్ళు పోవాలని జాలీ వైపు వాలు ఇస్తారు. ఒక చిన్న టెస్ట్ చెప్తాను, గుండ్రటి నీళ్ళ సీసా పడుకోబెట్టండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. దొర్లితే అక్కడ వద్దు, ఇంకో చోటు వెతకండి. ర్యాంపు మీద అయితే ఆలోచించనే వద్దు. మట్టి నేల మీద స్టాండ్ కాలు దిగబడుతుంది. ఇంటర్‌లాక్ ఇటుకల మీద ఒక ఇటుక కుంగుతుంది. తారు రోడ్డు అయితే ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడి ఉంటుంది, సన్నని కాళ్ళు లోపలికి పోతాయి. తప్పదు అనుకుంటే స్టాండ్ కింద మందపాటి ప్లైవుడ్ ముక్క, 18 మిల్లీమీటర్లది, నాలుగు కాళ్ళూ దాని మీదే ఉండేటట్టు వేయండి. పార్కింగ్ టైల్స్ నున్నగా ఉంటే చుక్క ఆయిల్ కూడా లేకుండా తుడవండి.

తర్వాత బండి దొర్లకుండా ఆపడం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే "గేర్‌లో వేశాను కదా" అనే మాట చాలామందిని ముంచుతుంది. మన చిన్న కార్లన్నీ దాదాపు ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇంజిన్ పట్టు ముందు రెండు చక్రాలకే ఉంటుంది, వాటి మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగడానికి అది పెట్టారు. మీరు ముందు ఒక చక్రం గాల్లోకి లేపారనుకోండి. ఇప్పుడు ఫస్ట్ గేర్‌లో ఉన్నా, ఆటోమేటిక్‌లో పి లో ఉన్నా, గాల్లో ఉన్న చక్రం ఉల్టా తిరుగుతూ, నేల మీద ఉన్న చక్రాన్ని హాయిగా దొర్లనిస్తుంది. అంటే గేర్ ఉన్నా లేనట్టే. అప్పుడు బండిని ఆపుతున్నది వెనక చక్రాల మీద ఉన్న హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే.

ఇప్పుడు వెనక వైపు లేపారనుకోండి. ఒక చక్రమే లేపితే, రెండో వెనక చక్రం మీద హ్యాండ్‌బ్రేక్ పని చేస్తుంది. రెండూ లేపేస్తే హ్యాండ్‌బ్రేక్ గాల్లో ఉన్న చక్రాలని పట్టుకుని కూర్చుంటుంది, ఉపయోగం లేదు. అప్పుడు ముందు రెండూ నేల మీద ఉన్నాయి కాబట్టి గేర్ పని చేస్తుంది. ఇంకో తిరకాసు, వెనక బ్రేక్ డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్‌బ్రేక్ దించాల్సిందే. అందుకే ఏ వైపు లేపినా రెండో వైపు చక్రాలకి అడ్డు చెక్కలు తప్పనిసరి. చక్రానికి ముందూ వెనకా రెండు వైపులా. లారీ క్లీనర్లు పెట్టే చెక్క లాంటిది, ఏటవాలుగా కోసి ఉండాలి. గుండ్రాయి పెడితే అది కూడా చక్రంతో పాటు దొర్లుతుంది.

తాళం మీ జేబులో ఉండాలి. బండిలో ఎవరూ కూర్చోకూడదు. ఏసీ వేసుకుని సీట్లో ఫోన్ చూసుకుంటూ ఉండే తమ్ముళ్ళకి చెప్తున్నా, దిగండి. డోర్ వేసిన కుదుపు చాలు.

లేపే ముందు వీల్ నట్లు వదులు చేయాలి. పూర్తిగా కాదు, అర చుట్టు. పంచర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించేసి ఉంటారు, వీల్ పానా మీద కాలేసి తొక్కితే గానీ రావు. ఆ తొక్కుడు బండి గాల్లో ఉన్నప్పుడు తొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. చక్రం నేల మీద ఉండగానే ఆ పని అయిపోవాలి.

జాక్ ఎక్కడ పెట్టాలి? డోర్ల కింద అంచు పొడుగునా రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన కుట్టు లాంటి అంచు ఉంటుంది. ముందు చక్రానికి కొంచెం వెనక, వెనక చక్రానికి కొంచెం ముందు, ఆ అంచు మీద చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆ గాట్ల దగ్గరే లోపల అదనపు బలం ఇచ్చి ఉంటారు. వేరే చోట పెడితే అంచు మడత పడుతుంది, జాక్ జారుతుంది. ట్రాలీ జాక్ తల ఇనుము కాబట్టి గాడి ఉన్న రబ్బర్ ప్యాడ్ కొనుక్కోండి, ఆ అంచు గాడిలో కూర్చుంటుంది, బరువు పక్కల మీద పడుతుంది. ఆయిల్ సంప్ కింద, గేర్‌బాక్స్ కింద, క్యాబిన్ నేల రేకు కింద ఎప్పుడూ పెట్టొద్దు. ఎలక్ట్రిక్ బండి అయితే డబుల్ జాగ్రత్త, నేలంతా బ్యాటరీయే ఉంటుంది, మాన్యువల్ చూపించిన చోట తప్ప ఇంకెక్కడా తాకొద్దు.

ఇక్కడ అందరికీ వచ్చే డౌట్: గాటు దగ్గర జాక్ పెడితే, మరి స్టాండ్ ఎక్కడ పెట్టాలి? రెండిటికీ చోటు ఒక్కటే కదా. చాలా బండ్లకి ముందు వైపు మధ్యలో, ఇంజిన్ కింద అడ్డంగా ఒక బలమైన ఇనుప ఫ్రేము ఉంటుంది, క్రాస్ మెంబర్ అంటారు. సర్వీస్ మాన్యువల్ దాన్ని జాకింగ్ పాయింట్‌గా చూపిస్తే, ట్రాలీ జాక్ అక్కడ పెట్టి ముందు మొత్తం లేపి, రెండు స్టాండ్లు రెండు పక్కల గాట్ల కింద పెడతారు. ఆ పాయింట్ మీ బండికి ఎక్కడుందో కచ్చితంగా తెలియకపోతే, ఊహించి పెట్టొద్దు. అప్పుడు మీరు చేసుకోగలిగేవి చక్రం విప్పి పక్కన కూర్చుని చేసే పనులే. బ్రేక్ ప్యాడ్లు, టైర్ల మార్పిడి లాంటివి. కిందకి దూరే పని మెకానిక్‌కి వదిలేయండి. అందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

పంపు కొట్టేటప్పుడు ఒకటి గమనించండి. ట్రాలీ జాక్ చెయ్యి నిటారుగా లేవదు, వంపుగా లేస్తుంది. అంటే దాని తల లేస్తూ లేస్తూ కొంచెం తన వైపుకి జరుగుతుంది. ఆ కొంచెం సర్దుకోవడానికే జాక్‌కి చక్రాలు. చక్రం కింద గులకరాయి అడ్డం పడితే జాక్ కదలదు, తల బండి అంచు మీద గీరుకుంటూ జరుగుతుంది. అందుకే ముందు నేల ఊడవమంటాను. నాలుగు పంపులు కొట్టి, ఆగి, తల ఎక్కడుందో చూసి, మళ్ళీ కొట్టండి.

మొన్న మా సెల్లార్‌లో ఒక కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాళ్ళ నాన్నగారి కారు ముందు మూల సిజర్ జాక్ మీద లేపి, నడుము దాకా కిందకి దూరి ఉన్నాడు. స్పీడ్ బ్రేకర్ తగిలి కింద ప్లాస్టిక్ కవర్ ఊడితే, కేబుల్ టై వేస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు. ఫోన్ బానెట్ మీద పెట్టాడు. నేను బండిని తాకకుండా కూర్చుని, "తమ్ముడూ, ఒక్క నిమిషం బయటికి రా, పని ఉంది" అన్నాను. "రెండు నిమిషాలు అన్నా, అయిపోయింది" అన్నాడు. "లేదు, ముందు రా" అన్నాను. వచ్చాడు. అప్పుడు అతన్ని దూరంగా నిలబెట్టి, ఫెండర్ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తోశాను. జాక్ అడుగు ఒక పక్క నేల మీంచి లేవడం అతనే చూశాడు. నేను చెయ్యి తీసేశాను, మళ్ళీ కూర్చుంది. ఆ కేబుల్ టై బిగించడానికి అతను లాగుతున్న బలం నా తోపు కన్నా తక్కువేం కాదు. అతను ఏమీ మాట్లాడలేదు. జాక్ దించేసి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, చక్రం వెనక సందులోంచి చెయ్యి పెట్టి ఆ టై వేశాం. కిందకి దూరే అవసరమే లేదు ఆ పనికి.

ఆ తోపు పరీక్షనే మీరు స్టాండ్ల మీద చేయాలి. రెండు స్టాండ్లూ పెట్టి, ఎత్తు ఒకటే ఉందని చూసి, జాక్ వదులుతూ బరువు వాటి మీదకి దించండి. ఇప్పుడు కింద ఎవరూ లేకుండా, బండిని పక్కనుంచి, ముందునుంచి గట్టిగా ఊపండి. పడేది ఉంటే ఇప్పుడే పడాలి. స్టాండ్ కాలు కదిలినా, కిర్రుమన్నా, దించేసి మళ్ళీ మొదలుపెట్టండి. గట్టిగా నిలిస్తే, జాక్‌ని తీసేయకుండా, దాని తల బండికి ఊరికే ఆనేటట్టు అక్కడే ఉంచండి. విప్పిన చక్రం ఉంటే, లేదా స్టెప్నీ ఉంటే, డోర్ కింద అంచు కిందకి పడుకోబెట్టి తోయండి. అన్నీ ఫెయిలయినా బండి ఆ టైరు మీద పడుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేని ఇన్సూరెన్స్ అది. కొన్ని కొత్త బండ్లలో స్టెప్నీ బదులు పంచర్ కిట్ ఇస్తున్నారు, వాళ్ళు పాత టైరు రిమ్ముతో సహా ఒకటి సంపాదించుకోండి.

కింద ఉన్నప్పుడు బిగుసుకుపోయిన నట్టుని బలం కొద్దీ లాగొద్దు. ఫోన్ చేతికి అందేటట్టు, నేల మీద. ఇంట్లో ఒకరికి చెప్పండి, "పావుగంటకోసారి వచ్చి చూడు" అని.

దించేటప్పుడు చక్రం పెట్టి నట్లు చేత్తో ఎక్కించి, పానాతో మామూలుగా బిగించండి, నేల మీదకి వచ్చాకే ఫైనల్ బిగింపు. ఎదురెదురు నట్లు, వరుసగా కాదు. చిన్న కార్లలో చాలావాటికి సుమారు 85 నుంచి 125 న్యూటన్ మీటర్లు ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చెక్ చేయండి. జాక్ వాల్వ్ ఒక్కసారిగా తిప్పేయకుండా, జుట్టు పోగంత తిప్పితే చాలు. దించే ముందు వంగి కింద చూడండి. పానా ఉంటుంది, పిల్లి ఉంటుంది, బంతి కోసం దూరిన పిల్లాడు ఉంటాడు.

ఇంక చివరిగా, ఎవరి మీదైనా బండి పడటం మీరు చూస్తే. మనిషిని కాళ్ళు పట్టి లాగొద్దు, రాడు, ఇంకా నలుగుతాడు. ముందు బరువు తీయాలి. జాక్ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అదే మళ్ళీ పెట్టి లేపండి, లేచిన కొద్దీ కింద చెక్కో టైరో తోయండి. జాక్ దొరక్కపోతే వాచ్‌మన్‌ని, పక్కవాళ్ళని గట్టిగా కేకేసి పిలిచి, నలుగురైదుగురు ఒకే మూల పట్టి ఎత్తండి. ఒకరు 108కి ఫోన్ చేస్తూనే ఉండాలి. బయటికి వచ్చాక "నాకేం కాలేదు" అన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లోపలి దెబ్బ బయటికి కనిపించదు.

వచ్చే ఎపిసోడ్‌లో ముందు బ్రేక్ ప్యాడ్లు మారుద్దాం. ఆ లోపు డిక్కీ తెరిచి జాక్ ఉందో లేదో, డోర్ కింద ఆ గాట్లు ఎక్కడున్నాయో ఒకసారి చేత్తో తడిమి చూసుకుని రండి. ఉంటాను ఫ్రెండ్స్.